బొమ్మ వస్తోంది, మాట రావట్లేదా?

పెన్‌డ్రైవ్‌లో సినిమా వేసి టీవీకి పెడితే బొమ్మ కనిపిస్తూ శబ్దం రాకపోతే, స్పీకర్లు పోయాయని కంగారు పడకండి. చాలాసార్లు ఆ ఫైల్లో డీటీఎస్ అనే రకం ఆడియో ఉంటుంది, దాన్ని చాలా టీవీలు చదవలేవు. మేం ఇది తెలియక పండగపూట ఓ సినిమా సగం మూకీగానే చూశాం! ఆండ్రాయిడ్ టీవీ అయితే వీఎల్‌సీ అనే ప్లేయర్ యాప్ వేసుకుని అందులో తెరవండి. లేదంటే కంప్యూటర్లో ఆడియోను మాత్రం ఏఏసీ అనే రకానికి మార్చండి. వీడియో జోలికి వెళ్లొద్దు, అనవసరంగా చాలాసేపు పడుతుంది, బొమ్మ నాణ్యత కూడా తగ్గుతుంది.

పెద్ద ఫైలు అసలు కాపీయే కాకపోతే పెన్‌డ్రైవ్ ఫ్యాట్32 అనే ఫార్మాట్‌లో ఉందేమో చూడండి. అందులో 4 జీబీ దాటిన ఫైలు పట్టదు. ఎక్స్‌ఫ్యాట్ అనే మరో రకానికి ఫార్మాట్ చేస్తే సరి, కానీ పాత టీవీలు కొన్ని దాన్ని గుర్తించవు. ఫార్మాట్‌కు ముందు అందులోని ఫొటోలు వేరేచోట దాచుకోండి.