డీ అండ్ డీలో రూల్ దగ్గర గొడవైతే: ముందు ఆ వాక్యం పైకి చదవండి

పోయిన నెల ఒక ఆదివారం రాత్రి మా డీ అండ్ డీ (డంజన్స్ అండ్ డ్రాగన్స్, తలా ఒక పాత్ర పట్టుకుని డైస్ వేసి ఆడే కథల ఆట) 40 నిమిషాలు ఆగిపోయింది. ఒక గాబ్లిన్ తప్పించుకుని పరిగెడుతుంటే, రోగ్ (దొంగలాంటి పాత్ర) ఆడే మా తమ్ముడు రియాక్షన్ (ఏదైనా జరిగితే వెంటనే బదులుగా చేసే పని) వాడి దాన్ని పొడిచాడు. తగిలింది. వెంటనే స్నీక్ అటాక్ (రోగ్ దొంగదెబ్బకి కలిసే అదనపు నష్టం) డైస్ కూడా చేతిలోకి తీసుకున్నాడు. "ఒరేయ్, ఇందాక నీ వంతులో వేసేశావు కదా, మళ్ళీ ఏంట్రా?" అని పాలడిన్ (పవిత్ర యోధుడి పాత్ర) ఆడేవాడు లేచాడు. ఆట నడిపే డీఎంని నేను, తీర్పు చెప్పాల్సింది నేను, నేనేమో ఫోన్‌లో వెతుక్కుంటూ కూర్చున్నా, ఈలోగా తెప్పించుకున్న బజ్జీలు చల్లారిపోయాయి, గాబ్లిన్ ఎటు పోయిందో కూడా ఎవరికీ గుర్తులేదు.

తీరా చూస్తే అందులో డౌటే లేదు. పుస్తకంలో 'టర్న్‌కి ఒకసారి' అని ఉంది. టర్న్ అంటే ఒక్కరి వంతు, రౌండ్ అంటే అందరి వంతులూ ఒక చుట్టు తిరగడం, ఆటలోని కాలంలో 6 సెకన్లు. గాబ్లిన్ పారిపోయింది గాబ్లిన్ టర్న్‌లో. అది ఇంకో టర్న్ కాబట్టి స్నీక్ అటాక్ మళ్ళీ పడుతుంది, మిగతా షరతులు కుదరాలి అంతే (ఎడ్వాంటేజ్, అంటే 20 ముఖాల డైస్ రెండుసార్లు వేసి పెద్ద అంకె తీసుకునే వీలు ఉండాలి, లేదా ఆ శత్రువుకి 5 అడుగుల లోపు మనవాడు ఇంకొకడు నిలబడి ఉండాలి). మేం ఇన్నాళ్ళూ 'వంతుకోసారి' అనుకుంటూ వచ్చాం, ఎవరి వంతు అని ఎవరూ అడగలేదు.

మన దగ్గర ఈ గొడవలు ఎక్కువగా ఇలాగే పుడతాయని నాకనిపిస్తుంది. రూల్ ఇంగ్లీషులో చదువుతాం, తెలుగులో వాదించుకుంటాం, మధ్యలో అసలు మాట జారిపోతుంది. అందుకే గొడవ మొదలవగానే ఎవరో ఒకరు పుస్తకం తెరిచి ఆ వాక్యాన్ని ఉన్నదున్నట్టు, ఇంగ్లీషులోనే, పైకి చదవాలి. జ్ఞాపకం నుంచి చెప్పినది లెక్కలోకి రాదు. పుస్తకం లేకపోతే ఎస్‌ఆర్‌డీ 5.1 (ఆట రూల్స్ ఉన్న అధికారిక పత్రం) ఉంది, 2023 జనవరిలో క్రియేటివ్ కామన్స్ కింద ఉచితంగా వదిలారు, ప్రధానమైన రూల్స్ అన్నీ అందులో దొరుకుతాయి. ఇంకో మాట, మీరు ఆడేది 2014 పుస్తకమా 2024 పుస్తకమా అనేది ముందే తేల్చుకోండి. ఒకే పేరుతో ఉన్న ఎబిలిటీ (పాత్రకుండే ప్రత్యేక శక్తి) రెండింట్లో రెండు రకాలుగా ఉంటుంది, ఒకడు పాతది చదివి ఇంకొకడు కొత్తది చదివి వస్తే తెల్లారేదాకా తేలదు.

చదివాక మొదట చూడాల్సింది 'ఎప్పుడు' అనే సంగతి. ఇక్కడ తెలుగు మనల్ని బాగా ముంచుతుంది. "కొట్టాను" అంటే కత్తి విసిరాననా, తగిలిందనా? రెండూ కావచ్చు. రూల్స్‌లో మాత్రం అటాక్ చేయడం వేరు, హిట్ అవడం వేరు. నేనైతే మా టేబుల్ దగ్గర 'కొట్టడం', 'తగలడం' అని విడదీసి మాట్లాడమంటాను. 2014 పాలడిన్ డివైన్ స్మైట్ (దెబ్బకి అదనపు నష్టం కలిపేది) తగిలినప్పుడు వాడేది. అంటే డైస్ పడింది, తగిలిందని తేలిపోయింది, అప్పుడు స్పెల్ స్లాట్ (మంత్రాల కోటాలో ఒకటి) ఖర్చుపెట్టాలా వద్దా అని ఆలోచించుకోవచ్చు. 20 పడి క్రిటికల్ అయిందని చూసుకుని మరీ వాడొచ్చు, స్మైట్ డైస్ కూడా రెట్టింపవుతాయి, అది మోసం కాదు. విజర్డ్ షీల్డ్ స్పెల్ కూడా అంతే, దెబ్బ తగిలిందని చెప్పాకే వేస్తారు, ఆర్మర్ క్లాస్‌కి (దెబ్బ తగలాలంటే అందుకోవాల్సిన అంకె) 5 కలిసి అదే దెబ్బ తప్పిపోవచ్చు. కానీ 2014 బార్డ్ (పాటగాడి పాత్ర) తోటివాళ్ళకి ఇచ్చే ఇన్‌స్పిరేషన్ డై (వాళ్ళ అంకెకి కలుపుకునే అదనపు డైస్) అలా కాదు. డీ20 (20 ముఖాల డైస్) వేసి అంకె చూసుకోవచ్చు గానీ, గెలిచావో ఓడావో డీఎం చెప్పకముందే వాడతానని చెప్పేయాలి. ఒక్క దెబ్బలోనే మూడు ఘడియలున్నాయన్నమాట: డైస్ పడకముందు, పడ్డాక, ఫలితం తెలిశాక. ప్రతి ఎబిలిటీ వీటిలో ఎక్కడ కూర్చుంటుందో చూస్తే సగం చిక్కులు విడిపోతాయి. డీఎంలకి ఒక మనవి: డైస్ ఆగీ ఆగకముందే "తగిలింది!" అని అరవకండి, బార్డ్ ఆడేవాళ్ళ ఉసురు తగులుతుంది.

రెండోది, అది ఏ రకం రోల్? మనకి అన్నీ 'రోల్'లే. పుస్తకానికి ఎబిలిటీ చెక్ (పని చేయగలమా అని), సేవింగ్ త్రో లేదా సేవ్ (ముప్పు తప్పించుకుంటామా అని), అటాక్ రోల్ (దెబ్బ తగులుతుందా అని) మూడూ వేర్వేరు, ఒకదానికి రాసింది ఇంకోదానికి పనికిరాదు. వార్‌లాక్ (మంత్రగాడి పాత్ర) హెక్స్ అనే శాపం వేసి విజ్‌డమ్ (పాత్ర లక్షణాల్లో ఒకటి) ఎంచుకుని, "ఇక వీడి విజ్‌డమ్ సేవ్‌లన్నీ డిసెడ్వాంటేజే" (అంటే రెండుసార్లు వేసి చిన్న అంకె తీసుకోవడం) అని సంబరపడేవాళ్ళని చాలామందిని చూశాను. అందులో రాసింది ఎబిలిటీ చెక్‌ల గురించి, సేవ్‌లకి ఏమీ కాదు. అదే హెక్స్‌తో స్ట్రెంత్ ఎంచుకుంటే 2014 రూల్స్‌లో కుస్తీ పట్టేవాడికి లాభం, ఎందుకంటే పట్టుకోవడం అప్పుడు చెక్‌లతో తేలేది. 2024లో అది సేవ్ అయిపోయింది, పట్టుకునేటప్పుడు ఆ లాభం పోయింది. ఇంకోటి, ఇనిషియేటివ్ (ఫైట్‌లో ఎవరి వంతు ముందో తేల్చే రోల్) అంటే డెక్స్‌టెరిటీ (చురుకుదనం) చెక్. కాబట్టి 2014 బార్డ్‌కి రెండో లెవెల్‌లో వచ్చే జాక్ ఆఫ్ ఆల్ ట్రేడ్స్ (నేర్చుకోని పనుల చెక్‌లకీ కొంత కలిపే ఎబిలిటీ) ఇనిషియేటివ్‌కీ కలుస్తుంది. మా దగ్గర ఒకమ్మాయి ఏడాది పాటు ఆ ప్లస్ 1 వదిలేసుకుని ఆడింది పాపం.

ఇవన్నీ చూసినా తేలకపోతే అప్పుడది నిజంగా అస్పష్టమైన రూల్. అలాంటివి తక్కువే గానీ ఉన్నాయి. షీల్డ్ మాస్టర్ ఫీట్ (పాత్రకి అదనంగా ఎంచుకునే నైపుణ్యం) చూడండి. 2014లో రాసిన దాని సారం, నీ టర్న్‌లో అటాక్ యాక్షన్ తీసుకుంటే బోనస్ యాక్షన్‌తో (అదే టర్న్‌లో చేసే అదనపు చిన్న పని) షీల్డ్ పెట్టి నెట్టొచ్చు. తీసుకుంటే అంటే తీసుకున్నాకా, తీసుకోబోతున్నప్పుడా? ముందే నెట్టి పడగొడితే తర్వాత కొట్టే దెబ్బలకి ఎడ్వాంటేజ్ వస్తుంది కాబట్టి తేడా చిన్నది కాదు. రూల్స్ రాసిన బృందంలో ముఖ్యుడు జెరెమీ క్రాఫర్డే మొదట ఏ వరసలోనైనా చేయొచ్చని చెప్పి, 2018లో మాట మార్చి అటాక్ తర్వాతే అన్నాడు. రాసినవాళ్ళకే అలా ఉంటే మన టేబుల్ దగ్గర కొట్టుకోవడంలో ఆశ్చర్యం లేదు.

ఇలాంటప్పుడు నేను చేసేది, రెండు అర్థాలనీ పక్కపక్కన పెట్టి, అదే లెవెల్‌లో దొరికే మిగతా ఎబిలిటీలతో పోల్చడం. ఒక అర్థంలో ఆ ఎబిలిటీ ఖర్చు లేకుండా అన్నిటినీ మింగేస్తుంటే అది తప్పై ఉండొచ్చు. ఇంకో అర్థంలో అసలు దేనికీ పనికిరాకుండా పోతుంటే అదీ తప్పే. రెండూ ఫర్వాలేదనిపిస్తే ఆటగాడివైపే మొగ్గుతాను.

అక్షరాన్ని పట్టుకుని వేలాడితే ఎక్కడ తేలతామో కూడా చెప్పాలి. 2014లో కనబడనివాడి మీద దాడికి డిసెడ్వాంటేజ్, వాడు కొడితే ఎడ్వాంటేజ్ అని ఉంది, చూడగలిగినవాళ్ళకి మినహాయింపని అక్కడ రాయలేదు. దాంతో సీ ఇన్విజిబిలిటీ (కనబడనివాళ్ళని చూపించే స్పెల్) వేసుకుని వాడిని ఎదురుగా చూస్తున్నా డిసెడ్వాంటేజ్ పోదు! అక్షరం ప్రకారం అంతేనని క్రాఫర్డ్ కూడా అన్నాడు. నేను ఒక్కరోజు కూడా అలా ఆడించలేదు. 2024లో, నిన్ను చూడగలిగేవాడి మీద ఆ లాభం నీకుండదని రాసి సరిదిద్దారు.

టైమ్ విషయానికొస్తే, ఆట మధ్యలో 2 నిమిషాలు, అంతే. తేలకపోతే డీఎం ఏదో ఒకటి చెప్పేయాలి, అందరూ ఒప్పుకుని ముందుకెళ్ళాలి, ఆట అయ్యాక తీరిగ్గా చదివి వచ్చేసారికి మార్చుకోవచ్చు. అయిపోయిన ఫైట్‌ని వెనక్కి తిప్పొద్దు. ఏం తీర్పు ఇచ్చినా రాక్షసులకీ అదే వర్తిస్తుందని అప్పుడే చెప్పేయండి, విపరీత అర్థాలు లాగేవాళ్ళు సగం మంది అక్కడే తగ్గుతారు. ఆటగాళ్ళు కూడా, ఏదైనా తిరకాసు అర్థం మీద మొత్తం కారెక్టర్‌ని కడుతుంటే లెవెల్ అప్ అయ్యేటప్పుడే డీఎంకి మెసేజ్ పెట్టండి. బాస్ ఫైట్‌లో బయటపెట్టి సర్‌ప్రైజ్ చేద్దామనుకుంటే అటూ ఇటూ టెన్షనే.

మా తీర్పులన్నీ వాట్సాప్ గ్రూప్‌లో పిన్ చేసి పెట్టాను, ఒక్కోటి ఒక్క లైన్. షీల్డ్ మాస్టర్ లైన్: కనీసం ఒక దెబ్బ వేశాకే నెట్టాలి. మా తమ్ముడు మాత్రం ఇది అన్యాయమని ఇప్పటికీ వాదిస్తాడు, వాడి రోగ్‌కి అసలు షీల్డే లేదు.