బెంగళూరులో కొన్న అరుదైన స్పోర్ట్స్ కారుకు అనంతపురంలో ఏపీ నంబరు: దరఖాస్తు విధానం

స్కోడా ఆక్టేవియా ఆర్ఎస్ 245 మన దేశానికి 2020లో వచ్చింది 200 కార్లే. 145 హార్స్‌పవర్ ఫియట్ పుంటో అబార్త్ కొత్తది ఇక దొరకదు, ఆ కంపెనీ ఇక్కడ కార్ల అమ్మకమే ఆపేసింది. పెనుకొండ దగ్గర కియా కార్లు వరసగా తయారై వస్తున్న నేల మనది. అయినా ఇలాంటి బండి కావాలంటే ఏళ్ల తరబడి వెతకాల్సిందే. చివరికి అది కనబడేది చాలాసార్లు బెంగళూరులోనే. 44వ జాతీయ రహదారి మీద బండి ఇంటికి తెచ్చుకోవడం ఒక పూట పని. కాగితాలు మన పేరు మీదికి రావడానికే ఓపిక కావాలి.

బండి చూడగానే మనసు పారేసుకోకుండా ముందు ఆర్సీ అడగండి. మామూలు ఆక్టేవియాకు ఆర్ఎస్ బ్యాడ్జి, స్పాయిలర్ తగిలించి అమ్మజూపేవాళ్లు ఉంటారు. 2017 తర్వాతి ఆర్ఎస్‌లో ఇంజిన్ 1984 సీసీ, మామూలు 1.8 టీఎస్ఐలో 1798 సీసీ. ఆర్సీలో ఈ అంకె, ఇంజిన్ నంబరు, ఛాసిస్ నంబరు, రంగు బండితో సరిపోవాలి. ఇంజిన్ మార్చినా, రంగు మార్చినా ఆర్సీలో ఎక్కించి ఉండాలి. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం కంపెనీ ఇచ్చిన రూపాన్ని ఇష్టం వచ్చినట్టు మార్చకూడదు. పెద్ద శబ్దం చేసే ఎగ్జాస్ట్ ఉంటే, పాత అసలు ఎగ్జాస్ట్ ఉందా అని అడిగి దాన్నీ తీసుకోండి. రేపు బ్రేక్ ఇన్‌స్పెక్టర్ బండి చూసేటప్పుడు అక్కరకొస్తుంది.

తర్వాత ఎంపరివాహన్ యాప్‌లో నంబరు కొట్టి ఇన్సూరెన్స్, ఫైనాన్స్ వివరాలు, చలానాలు చూడండి. ఇక్కడ నా అనుభవం ఒకటి చెప్పాలి. నేను కొన్న కారు మీద లోన్ ఎప్పుడో తీరిపోయింది, ఆర్సీలో మాత్రం ఫైనాన్స్ కంపెనీ పేరు అలాగే ఉంది. అది తీయించేదాకా ఎన్‌వోసీ, అంటే బండిని వేరే రాష్ట్రానికి మార్చడానికి ఆర్టీవో ఇచ్చే నిరభ్యంతర పత్రం, కదల్లేదు. బండి అమ్మినాయన ఇంట్లో, డబ్బు ఆయన చేతిలో, నాకేమో రెండు నెలలు టెన్షన్. అందుకే బ్యాంకు ఇచ్చే ఫారం 35, లోన్ తీరిపోయిందన్న లెటరు చేతిలో పడకుండా టోకెన్ అడ్వాన్సుకు మించి ఇవ్వకండి. మిగతా డబ్బు ఎన్‌వోసీ వచ్చాకే.

అసలు దరఖాస్తులో మొదటి అడుగు ఆ ఎన్‌వోసీయే. అది అమ్మేవాళ్ల పని. బండి రిజిస్టరై ఉన్న కర్ణాటక ఆర్టీవో ఆఫీసుకు ఫారం 28లో, పరివాహన్ పోర్టల్ ద్వారా దరఖాస్తు పెట్టాలి. ఛాసిస్ నంబరు పెన్సిల్ ప్రింట్ (నంబరు మీద కాగితం పెట్టి పెన్సిల్‌తో రుద్ది తీసిన అచ్చు), ఆర్సీ, ఇన్సూరెన్స్, పొల్యూషన్ సర్టిఫికెట్ జత చేయాలి. ఏ ఆర్టీవో ఆఫీసుకు వెళ్తుందో రాసేచోట అనంతపురం అని సరిగ్గా పడిందో లేదో దగ్గరుండి చూసుకోండి. పాత చలానాలు బాకీ ఉంటే ముందే కట్టించండి. అదే రోజు ఫారం 29, ఫారం 30 మీద అమ్మేవాళ్ల సంతకాలు కూడా పెట్టించుకోండి, సంతకం కోసం మళ్లీ బెంగళూరు వెళ్లే పని తప్పుతుంది.

వేరే రాష్ట్రంలో నంబరు మార్చుకోవడానికి 12 నెలల గడువు ఉందని చాలామంది నిశ్చింతగా ఉంటారు. ఆ గడువు నంబరు మార్పుకే. యాజమాన్య బదిలీని మాత్రం కొన్నవాళ్లు 30 రోజుల్లోపు తెలపాలి. కాబట్టి బండి రాగానే రెండూ కలిపి పెట్టేయండి. కొత్త నంబరుకు ఫారం 27, బదిలీకి ఫారం 29, 30, వాటితో ఎన్‌వోసీ, ఆర్సీ, ఆధార్, పాన్, ఫోటోలు. ఆన్‌లైన్‌లో ఫీజు, లైఫ్ ట్యాక్స్ కట్టి, స్లాట్ రోజున బండిని అనంతపురం ఆర్టీవో ఆఫీసుకు తీసుకెళ్లాలి. కర్ణాటకలో కట్టిన ట్యాక్స్ ఇక్కడ చెల్లదు. బండి ధర, వయసు బట్టి ఏపీలో మళ్లీ కట్టాలి. ఖరీదైన కారైతే ఇది పెద్ద మొత్తమే, బేరం ఆడేముందే లెక్కలో వేసుకోండి. తర్వాత కొత్త నంబరు, హై సెక్యూరిటీ ప్లేటు వస్తాయి.

తొలి తరం ఆక్టేవియా ఆర్ఎస్ లాంటి 15 ఏళ్లు దాటిన కారైతే ఆర్సీ రెన్యువల్ అయిందా చూడండి. ఆ దరఖాస్తు ఫారం 25. కార్లకు రెన్యువల్ ఫీజు 2022 ఏప్రిల్‌లో 600 నుంచి 5,000 రూపాయలకు పెరిగింది, 20 ఏళ్లు దాటినవాటికి ఇంకా ఎక్కువ.

ఇన్సూరెన్స్‌ను 14 రోజుల్లోపు మీ పేరుకు మార్చమని కంపెనీకి రాయండి. థర్డ్ పార్టీ కవర్ దానంతట అదే మీకు వస్తుంది గానీ, మీ బండికి జరిగే నష్టానికి రక్షణ పేరు మారితేనే. పాత ఓనరు నో క్లెయిమ్ బోనస్ (క్లెయిమ్ చేయనందుకు ప్రీమియంలో ఇచ్చే తగ్గింపు) మీకు రాదు, అది ఆయనతోనే పోతుంది. పుంటో అబార్త్‌కు ఒక బంపర్ దొరకడమే గగనమైన ఈ రోజుల్లో ఈ పని ఒక్కరోజు కూడా వాయిదా వేయొద్దు.

ఏపీ ఆర్సీ చేతికి వచ్చాక, దాని కాపీతో కర్ణాటక ఆర్టీవోకు మిగిలిన కాలానికి ట్యాక్స్ రీఫండ్ దరఖాస్తు పెట్టుకోవచ్చు. ఆ డబ్బు మీకా, పాత ఓనరుకా అన్నది బేరం రోజే మాట్లాడి కాగితం మీద రాసుకోండి.