ఫాఫ్సా 2026-27: ఫారం చిన్నదైంది, మరి దరఖాస్తులు ఎక్కడ ఆగుతున్నాయి?

అమెరికాలో కాలేజీ చదువుకు ఫెడరల్ ప్రభుత్వం ఇచ్చే గ్రాంట్లు, రుణాలు, వర్క్ స్టడీ (చదువుతూ చేసే పార్ట్‌టైం పని) అన్నింటికీ కలిపి ఉన్న దరఖాస్తు ఒక్కటే, ఫాఫ్సా. 2020 డిసెంబరులో వచ్చిన చట్టంతో దీన్ని మొత్తం తిరగరాశారు. కొత్త ఫారం 2024-25 విద్యాసంవత్సరంతో మొదలైంది. 2023 అక్టోబరులో రావాల్సింది డిసెంబరు చివర్లో వచ్చి, కాలేజీలనూ కుటుంబాలనూ నానా తిప్పలు పెట్టింది. ఇప్పుడు ఏటా అక్టోబరు 1 కల్లా తెరవాలని చట్టమే ఉంది. 2026-27 ఫారం 2025 సెప్టెంబరు చివర్లోనే తెరుచుకుంది. వందకు పైగా ఉండే ప్రశ్నలు యాభైలోపుకు తగ్గాయి.

ప్రశ్నలైతే తగ్గాయి గానీ, ఇంట్లో ఎవరి లాగిన్‌తో వాళ్లే చేయాల్సిన పని పెరిగింది. దరఖాస్తులు ఎక్కువగా ఆగేది అక్కడే.

ఎవరు వేయవచ్చు

అమెరికా పౌరులు, గ్రీన్‌కార్డు ఉన్నవారు, శరణార్థి హోదా పొందినవారు వంటి కొన్ని వర్గాల విద్యార్థులకే ఈ సాయం. ఎఫ్-1 విద్యార్థి వీసా మీద ఎంఎస్‌కు వచ్చినవారికి, హెచ్-1బీ ఉద్యోగుల కుటుంబ వీసా హెచ్-4 మీద ఉన్న పిల్లలకు లేదు. గ్రీన్‌కార్డు దరఖాస్తు పెండింగులో ఉన్నా లేదు. సోషల్ సెక్యూరిటీ నంబరు ఉంది కదా అని పౌరసత్వం గడిలో టిక్కు పెట్టేయకండి. తెలిసి తప్పు సమాచారం ఇస్తే 20,000 డాలర్ల దాకా జరిమానా, జైలు ఉండొచ్చని ఫారంలోనే రాసి ఉంటుంది. పైగా పౌరులమని అబద్ధం చెప్పిన రికార్డు రేపు గ్రీన్‌కార్డుకే అడ్డం పడుతుంది.

తల్లిదండ్రుల వీసాతో మాత్రం సంబంధం లేదు. ఇద్దరూ ఏళ్ల తరబడి హెచ్-1బీ మీద గ్రీన్‌కార్డు క్యూలో ఉన్నా, అమెరికాలో పుట్టిన బిడ్డ పౌరుడే కాబట్టి దరఖాస్తు చేయవచ్చు. అమెరికాలో పుట్టి, హైదరాబాదులోనో విజయవాడలోనో ఇంటర్ దాకా చదివి, డిగ్రీకి తిరిగొచ్చే పిల్లలకూ ఇదే వర్తిస్తుంది.

ఇంకో చిక్కు. గ్రీన్‌కార్డు ఉన్న బిడ్డకు 18 ఏళ్లు నిండకముందే, ఆ బిడ్డను దగ్గర పెట్టుకున్న తల్లో తండ్రో పౌరసత్వం తీసుకుంటే బిడ్డకూ అది దానంతటదే వస్తుంది. సోషల్ సెక్యూరిటీ రికార్డు మాత్రం దానంతటది మారదు. అందుకే పౌరుడని నిజమే రాసినా ఫారంలో పౌరసత్వం సరిపోలలేదని వస్తుంది. కాలేజీకి అమెరికా పాస్‌పోర్టు గానీ సిటిజన్‌షిప్ సర్టిఫికెట్ గానీ చూపితే ఈ అడ్డు తొలగుతుంది. ఫారం నింపే ముందే సోషల్ సెక్యూరిటీ ఆఫీసులో రికార్డు మార్పించుకోవడం ఇంకా మేలు.

ఖాతాలు, పేర్లు

స్టూడెంట్‌ఎయిడ్.గవ్ సైటులో విద్యార్థికి ఒక ఖాతా, ఫారంలో భాగమయ్యే తల్లి లేదా తండ్రికి ఒక ఖాతా ఉండాలి. ఇలా భాగమయ్యేవారిని ఫారం కంట్రిబ్యూటర్ అంటుంది. డబ్బు కడతామని దాని అర్థం కాదు, వివరాలూ సంతకమూ ఇచ్చేవారని మాత్రమే. ఒక ఈమెయిల్, ఒక ఫోన్ నంబరు ఒక్క ఖాతాకే పనికొస్తాయి. ఇంటిల్లిపాదికీ నాన్న మెయిలే వాడే అలవాటు ఇక్కడ కుదరదు.

సోషల్ సెక్యూరిటీ నంబరుతో ఖాతా తెరిస్తే పేరు, పుట్టిన తేదీ ఆ శాఖ రికార్డుతో అక్షరం పొల్లుపోకుండా కలవాలి. మనవాళ్ల పేర్లు తప్పేది ఇక్కడే. పాస్‌పోర్టులో ఇంటిపేరు ముందు, కార్డు మీద చివర. ఒకచోట ఇనీషియల్, ఇంకోచోట పూర్తి పేరు. పాస్‌పోర్టులో పేరుకు ఒకే గడి నిండి ఉన్నవారికి ముందు ఎఫ్ఎన్‌యూ (ఫస్ట్ నేమ్ అన్‌నోన్, అంటే మొదటి పేరు తెలియదని). బడిలో, బ్యాంకులో ఎలా పిలుస్తున్నారన్నది వదిలేసి, సోషల్ సెక్యూరిటీ కార్డు బయటికి తీసి దాన్ని చూసి టైపు చేయండి. ఇదివరకు ఈ సరిచూపుకు 1 నుంచి 3 రోజులు పట్టేది. ఇప్పుడు చాలామందికి అప్పటికప్పుడే అయిపోతుంది.

ఏ తల్లిదండ్రి అన్నది తర్వాతి ప్రశ్న. భార్యాభర్తలు ట్యాక్స్ రిటర్న్ జాయింటుగా వేసి ఉంటే ఒక్కరు చాలు. అమ్మ హెచ్-4 మీద ఐటిన్‌తో (సోషల్ సెక్యూరిటీ నంబరు లేనివారికిచ్చే పన్ను నంబరు), నాన్న సోషల్ సెక్యూరిటీ నంబరుతో ఉన్న ఇంట్లో నాన్న పేరుతో వెళ్లడమే సుఖం. ఐటిన్‌తోనూ, ఏ నంబరూ లేకుండానూ ఖాతా తెరవవచ్చు గానీ గుర్తింపు నిరూపణ అదనపు పని, ఆదాయం చేత్తో నింపాల్సి రావచ్చు. విడివిడిగా రిటర్న్ వేసిన దంపతులైతే ఇద్దరూ కంట్రిబ్యూటర్లే. విడాకులు తీసుకున్నవారి విషయంలో నియమం మారింది. బిడ్డ ఎవరి దగ్గర ఉన్నాడని ఇప్పుడు చూడరు, గత 12 నెలల్లో ఎవరు ఎక్కువ ఖర్చు పెట్టారో వారి వివరాలే కావాలి.

2003 జనవరి 1కి ముందు పుట్టినవారు, పెళ్లయినవారు, డిగ్రీ దాటి పై చదువుల్లో ఉన్నవారికి తల్లిదండ్రుల భాగం ఉండదు. వేరే ఇంట్లో ఉంటూ సొంతంగా సంపాదించుకోవడం ఒక్కటే ఈ జాబితాలోకి తీసుకురాదు.

సమ్మతి, ఆహ్వానం, సంతకం

విద్యార్థి తన భాగం నింపి, తల్లి లేదా తండ్రి ఈమెయిల్ ఇచ్చి ఆహ్వానం పంపాలి. వారు తమ సొంత లాగిన్‌తో వచ్చి తమ భాగం నింపాలి. బిడ్డ లాగిన్‌లో కూర్చుని నాన్న అన్నీ నింపేయడం పాత పద్ధతి, ఇప్పుడు చెల్లదు.

ప్రతి ఒక్కరూ అమెరికా పన్నుల శాఖ ఐఆర్‌ఎస్ నుంచి పన్ను వివరాలు నేరుగా తెచ్చుకోవడానికి సమ్మతి తెలపాలి. ఏటా కొత్తగా తెలపాలి. 2026-27కి లాగేది 2024 రిటర్న్. వచ్చిన అంకెలు మీకు తెర మీద కనపడవు, కంగారు పడనక్కర్లేదు. సమ్మతి ఇవ్వకపోతే మాత్రం, ఎంత తక్కువ ఆదాయమున్నా, ఫెడరల్ సాయం ఒక్క డాలరూ రాదు. అమెరికాలో రిటర్న్ వేయకుండా హైదరాబాదులో ఉంటున్న తల్లిదండ్రులకూ ఇది తప్పదు. ఐఆర్‌ఎస్ దగ్గర వారి కాగితమే లేకపోయినా సమ్మతి ఇచ్చి, ఆపైన భారత రిటర్న్‌లోని ఆదాయాన్ని, పన్నును డాలర్లలోకి మార్చి చేత్తో నింపాలి.

చివరి సంతకం పడేదాకా ఫారం సబ్మిట్ కాదు. విద్యార్థి సంతకం పెట్టి అయిపోయిందనుకుంటాడు, ఆహ్వానం మెయిల్ అమ్మ స్పామ్ ఫోల్డరులో పడి ఉంటుంది, కాలేజీ గడువు దాటిపోతుంది. డ్యాష్‌బోర్డులో స్థితి ఏముందో చూసుకునేదాకా పని అయినట్టు లెక్క కాదు.

ఊళ్లోని ఆస్తి

ఆస్తుల విలువ ఫారంలో సంతకం పెట్టే రోజుది. ఉంటున్న ఇల్లు, 401కె వంటి పదవీ విరమణ ఖాతాలు, జీవిత బీమా రాయనక్కర్లేదు. కొంచెం దూరంగా ఉంది కదా అని వదిలేసేవి రాయాలి: మియాపూర్‌లో అద్దెకిచ్చిన ఫ్లాటు, అమరావతిలో ప్లాటు, ఎన్ఆర్ఐ ఖాతాల్లోని ఫిక్స్‌డ్ డిపాజిట్లు. ఈ రోజు అమ్మితే వచ్చే విలువలోంచి ఆ ఆస్తి మీదున్న అప్పు తీసేసి, ఆ రోజు మారకం రేటుతో డాలర్లు చేయాలి. రిజిస్ట్రేషన్ కాగితంలోని విలువ పనికిరాదు.

కొత్త నియమాల తొలి రెండేళ్లూ సొంత చిన్న వ్యాపారం, వ్యవసాయ క్షేత్రం విలువ కూడా అడిగారు. 2025 జులైలో వచ్చిన చట్టం 2026-27 నుంచి ఆ భారం తీసేసింది. 100 మందికి మించని ఫుల్‌టైం ఉద్యోగులున్న కుటుంబ వ్యాపారం, కుటుంబం నివసిస్తున్న వ్యవసాయ క్షేత్రం ఇప్పుడు లెక్కలోకి రావు. గ్యాస్ స్టేషనో చిన్న ఐటీ కన్సల్టెన్సీయో నడిపేవారికి ఇది పెద్ద ఊరట. తెనాలి దగ్గర కౌలుకిచ్చిన మాగాణికి ఈ మినహాయింపు దొరకదు, ఆ భూమి మీద మీరు ఉండటం లేదు కదా.

ఆస్తి చూపితే సాయం పోతుందన్న భయం అంకెలకు నిలవదు. తల్లిదండ్రుల ఆస్తిలో ఎక్కువలో ఎక్కువ 5.64 శాతమే లెక్కకు వస్తుంది, అంటే లక్ష డాలర్ల ఫ్లాటుకు 5,640. బిడ్డ పేరు మీద ఉన్నదాంట్లో 20 శాతం పడుతుంది. పిల్లల పేరుతో కస్టోడియల్ ఖాతాలు తెరిచేవారు ఈ తేడా ముందే తెలుసుకోవాలి. తాతయ్య, అమ్మమ్మ నేరుగా కట్టే ఫీజును ఫారం ఇప్పుడు అడగదు.

అంకె ఎంత వస్తే ఏమిటి

ఫారం చివర వచ్చేది ఎస్ఏఐ (స్టూడెంట్ ఎయిడ్ ఇండెక్స్), సాయం ఎంత అవసరమో తేల్చడానికి కాలేజీలు వాడే అంకె. పాత ఈఎఫ్‌సీ అనే లెక్క స్థానంలో వచ్చింది. అంకె తగ్గేకొద్దీ అవసరం ఎక్కువని అర్థం. ఇది మైనస్ 1,500 దాకా వెళ్లవచ్చు. తక్కువ ఆదాయ కుటుంబాల పిల్లలకిచ్చే, తిరిగి కట్టనక్కర్లేని పెల్ గ్రాంటు గరిష్ఠం 7,395 డాలర్లు. 2026 జులై 1 నుంచి ఎస్ఏఐ దానికి రెట్టింపు, అంటే 14,790 గానీ ఆపైన గానీ ఉంటే పెల్ ఉండదు. విదేశాల్లో సంపాదించి అమెరికా పన్ను నుంచి మినహాయించుకున్న ఆదాయాన్నీ పెల్ లెక్కలో కలుపుతారు.

మధ్యతరగతికి గట్టి దెబ్బ వేరేచోట తగిలింది. ఇద్దరు పిల్లలు ఒకేసారి కాలేజీలో ఉంటే పాత లెక్క తల్లిదండ్రుల వాటాను పంచేది. ఇప్పుడు ఎంతమంది చదువుతున్నారని అడుగుతారు గానీ ఎస్ఏఐలో దానికి విలువ లేదు.

ఇద్దరూ సాఫ్ట్‌వేర్ జీతగాళ్లైన ఇంట్లో గ్రాంటు రాకపోవచ్చు. అయినా ఫారం వేయడమే మంచిది. మొదటి ఏడాది 5,500 డాలర్ల విద్యార్థి రుణానికి, తల్లిదండ్రులు తీసుకునే పేరెంట్ ప్లస్ రుణానికి ఇదే దారి. 2026 జులై 1 నుంచి కొత్తగా తీసుకునే పేరెంట్ ప్లస్‌కు ఒక్కో బిడ్డకు ఏటా 20,000, మొత్తం 65,000 డాలర్లు పరిమితి. పై చదువుల విద్యార్థులు తీసుకునే గ్రాడ్ ప్లస్ రుణాన్ని కొత్తవారికి ఎత్తేశారు. మెడిసిన్ వంటి వృత్తి కోర్సులకు ఏటా 50,000, మొత్తం 2,00,000 డాలర్ల వరకే ఫెడరల్ రుణం.

గడువులు, ఆ తర్వాత

ఫెడరల్ గడువు 2027 జూన్ 30. దాన్ని నమ్ముకోవద్దు, రాష్ట్రాలవీ కాలేజీలవీ చాలా ముందే ముగుస్తాయి. ఒకే ఫారంలో 20 కాలేజీల దాకా చేర్చవచ్చు. దరఖాస్తుకు రుసుము లేదు, డబ్బు అడిగే సైటు ఏదైనా ప్రభుత్వానిది కాదు. కొన్ని ప్రైవేటు కాలేజీలు సీఎస్ఎస్ ప్రొఫైల్ అనే వేరే ఫారం కూడా అడుగుతాయి, ఫాఫ్సా నింపితే అది నిండదు.

కాలేజీ వెరిఫికేషన్‌కు పిలిస్తే అనుమానించారని అనుకోకండి, అడిగిన కాగితాలు గడువులోపు ఇస్తే చాలు. 2024లో మంచి జీతం ఉండి ఆ తర్వాత లేఆఫ్ అయినవారు ఫారంలో అంకెలు మార్చే ప్రయత్నం చేయకూడదు. ఫారం ఉన్నదున్నట్టు వేసి, కాలేజీ ఫైనాన్షియల్ ఎయిడ్ ఆఫీసును ప్రొఫెషనల్ జడ్జిమెంట్ (మారిన పరిస్థితి చూసి లెక్క సవరించడం) కోరాలి. ఉద్యోగం పోయిన లేఖ, సెవరెన్స్ వివరాలు, ఈ ఏడాది రాబోయే ఆదాయం అంచనా జతచేయాలి. ఏ కాలేజీకి ఆ కాలేజీకి విడిగా పెట్టుకోవాలి. ఆ ఆఫీసు నిర్ణయం మీద విద్యాశాఖకు అప్పీలు ఉండదు, కాబట్టి కాగితాలు మొదటిసారే పూర్తిగా ఇవ్వండి.