స్కైరిమ్‌లో స్కిన్ మార్చాక కత్తి తళతళా మెరిసిపోతోందా? ముందు ఆల్ఫా చూడండి

స్కైరిమ్ ఆటలో వస్తువుల మీద పరిచే బొమ్మలు (టెక్స్చర్లు) ఉండే డీడీఎస్ ఫైల్ తెరవడం, రంగులు మార్చడం, సేవ్ చేయడం మీకు వచ్చనే అనుకుని రాస్తున్నా.

లక్షణం: ఏమీ మారలేదు, పాత స్కినే కనిపిస్తోంది

అందరూ దాటేసే చెక్ ఇదే: ఆట అసలు మీ ఫైల్ చదువుతోందా? టెక్స్చర్ మొత్తానికి చిలకపచ్చ రంగు పోసి సేవ్ చేయండి, ఆట మూసి మళ్లీ తెరవండి. (ఊదా రంగు మాత్రం వాడొద్దు, ఎందుకో కిందే ఉంది.) కత్తి చిలకపచ్చగా రాలేదంటే మీ పెయింటింగ్‌లో తప్పేం లేదు, ఫైల్ ఉన్న చోటే తప్పు. జిప్ విప్పినప్పుడు టెక్స్చర్స్ ఫోల్డర్‌లో ఇంకో టెక్స్చర్స్ ఫోల్డర్ వచ్చి కూర్చుందేమో చూడండి. మాడ్ ఆర్గనైజర్ (మాడ్లని, అంటే ఆటకి జనం చేసిన మార్పుల్ని, నిర్వహించే ప్రోగ్రామ్) వాడుతూ ఆటని మాత్రం నేరుగా స్టీమ్ నుంచి తెరిస్తే మీ మాడ్లేవీ ఆటకి కనిపించవు. అదీ కాకపోతే, అదే కత్తిని మార్చే ఇంకో మాడ్ మీదాని కన్నా ఎక్కువ ప్రయారిటీలో ఉండి, మీ ఫైల్‌ని కప్పేస్తోంది.

లక్షణం: మోడల్ మొత్తం ఊదా రంగు

టెక్స్చర్ దొరక్కపోతే స్కైరిమ్ చూపించే రంగు అది. నిఫ్‌స్కోప్ అనే ప్రోగ్రామ్‌లో మెష్ (కత్తి త్రీడీ ఆకారం ఉన్న ఫైల్) తెరిచి, అందులో రాసి ఉన్న పాత్, మీ ఫైల్ పేరు అక్షరం అక్షరం పోల్చండి. 2011 నాటి పాత స్కైరిమ్‌లో ఉన్నారా? అది డైరెక్ట్‌ఎక్స్ 9 ఆట, బీసీ7 అనే కొత్త కుదింపు పద్ధతిలో సేవ్ చేసిన ఫైళ్లు దానికి అర్థం కావు, డీఎక్స్‌టీ5లో సేవ్ చేసుకోండి. 2016 స్పెషల్ ఎడిషన్‌కి ఆ బాధ లేదు.

లక్షణం: రంగు బాగానే వచ్చింది, కానీ కత్తి మొత్తం, తోలు చుట్టిన పిడితో సహా, కొత్త సోఫాకి తీయకుండా ఉంచిన పాలిథిన్ కవర్‌లా మెరుస్తోంది

ఇక్కడే జనం వారాలు పోగొట్టుకుంటారు. రంగు టెక్స్చర్‌ని డల్ చేస్తారు, ఈఎన్‌బీ (ఆట గ్రాఫిక్స్‌ని మార్చే మాడ్) సెట్టింగులు కెలుకుతారు, మెష్‌లో గ్లాసీనెస్ తగ్గిస్తారు, అప్పుడు ఇనుము కూడా మట్టిలా తయారవుతుంది. అసలు దొంగ రంగు ఫైల్‌లో లేడు. పక్కనే ఉన్న నార్మల్ మ్యాప్‌లో (ఉపరితలపు ఎత్తుపల్లాలు చెప్పే ఫైల్), అంటే పేరు చివర అండర్‌స్కోర్ ఎన్ ఉన్న ఫైల్‌లో దాక్కున్నాడు. ఆయుధాలకి, కవచాలకి ఎక్కడ ఎంత మెరవాలో చెప్పేది ఆ ఫైల్ ఆల్ఫా ఛానెలే (ఎరుపు, ఆకుపచ్చ, నీలంతో పాటు ఉండే నాలుగో ఛానెల్): తెల్లగా ఉన్న చోట మెరుపు, నల్లగా ఉన్న చోట ఏమీ ఉండదు. మీరు నాలుగు గీతలు, సొట్టలు కలిపి డీఎక్స్‌టీ1లో సేవ్ చేశారనుకోండి, ఆ ఆల్ఫా పోయినట్టే. లేని ఆల్ఫాని ఆట పూర్తి తెలుపుగా లెక్కేస్తుంది, ఇంకేముంది, పిడి కూడా మెరుస్తుంది.

ఒరిజినల్ ఫైల్ తెరిచి ఆల్ఫా ఒక్కటే చూడండి: అలుగు భాగం లేత బూడిద, పిడి ముదురు, ఇలా తేడాలు కనిపిస్తాయి. మీ ఫైల్‌లో అదంతా ఒకే తెలుపైతే దొంగ దొరికాడు. ఒరిజినల్ ఆల్ఫాని కాపీ చేసి మీ దాంట్లో అతికించండి, డీఎక్స్‌టీ5 లేదా బీసీ7లో సేవ్ చేయండి, అయిపోయింది.

అయిపోలేదు, ఇంకో మెలిక ఉంది. మధ్యలో ఫైల్‌ని పీఎన్‌జీగా మార్చొద్దు. ఫోటోషాప్ పీఎన్‌జీ ఆల్ఫాని ఛానెల్‌గా కాక పారదర్శకతగా తీసుకుంటుంది. గింప్‌లో అయితే ఎగుమతి చేసేటప్పుడు, పారదర్శక పిక్సెల్స్ రంగుల్ని కూడా ఉంచమనే టిక్ పెట్టకపోతే, ఆల్ఫా పూర్తిగా నల్లగా ఉన్న చోట్ల నార్మల్ సమాచారమే ఎగిరిపోతుంది. అప్పుడు మెరుపు సమస్య తీరి పిడి మీద వింత నీడలు మొదలవుతాయి, మీరు లైటింగ్‌ని అనుమానిస్తూ కూర్చుంటారు. టీజీఏ ఫార్మాట్ వాడండి, గొడవ ఉండదు.

శరీరం టెక్స్చర్లకి ఈ కథ వర్తించదు, వాటి మెరుపు అండర్‌స్కోర్ ఎస్ అనే వేరే ఫైల్‌లో ఉంటుంది.

మిగతావి

సొట్టలు బొడిపెల్లా, బొడిపెలు సొట్టల్లా కనిపిస్తే ఆకుపచ్చ ఛానెల్‌ని తిరగేయండి. స్కైరిమ్ డైరెక్ట్‌ఎక్స్ పద్ధతి, బ్లెండర్ ఓపెన్‌జీఎల్ పద్ధతి. దూరం నుంచి చూస్తే టెక్స్చర్ చిటపటలాడుతోందంటే మిప్‌మ్యాప్స్ (దూరానికి వాడే చిన్న సైజు కాపీలు) లేకుండా సేవ్ చేశారు. గ్రాఫిక్స్ డ్రైవర్ తప్పేమో అని అడిగేవాళ్లకి: ఒక్క కత్తికి మాత్రమే సమస్య వచ్చి మిగతా ఆటంతా బాగుంటే, డ్రైవర్ జోలికి పోకండి.