టూర్ల నడుమ మీకంటూ ఒక పూట: బెంగళూరు ఉద్యోగులకు కొన్ని సూచనలు

ఆఫీసు పని మీద నెలలో రెండు మూడు సార్లు హైదరాబాదుకో, చెన్నైకో, పుణెకో వెళ్ళివచ్చే తెలుగువాళ్ళు బెంగళూరులో చాలామందే ఉన్నారు. సొంతానికి కాస్త సమయం తీసుకోమంటే, వచ్చే వారం పని తగ్గాక చూద్దామంటారు. వచ్చే వారం పని తగ్గదు, అప్పటికి ఇంకో టూరు ఖాయమై ఉంటుంది. పనులన్నీ అయ్యాక మిగిలిన సమయాన్ని మనకోసం వాడుకుందామనుకుంటే ఆ మిగులు ఎన్నటికీ కనబడదనీ, టికెట్టు బుక్ చేసే రోజునే మన పూటను కూడా పక్కకు తీసిపెట్టాలనీ నా గట్టి నమ్మకం. అది ఎలా చేయవచ్చో ఇక్కడ వివరంగా చెబుతాను.

ముందుగా సొంత సమయం అంటే ఏమిటో తేల్చుకోవాలి. నిద్ర అందులోకి రాదు, అది శరీరానికి మనం చెల్లించవలసిన బాకీ. బట్టలు ఉతుక్కోవడం, కరెంటు బిల్లు కట్టడం, సోఫాలో వాలి ఫోను చూస్తూ కూర్చోవడం కూడా రావు. పిల్లలతో, ఇంట్లోవాళ్ళతో గడిపే సమయం ఎంతో విలువైనదే అయినా అది వాళ్ళకు చెందిన సమయం. ఎవరికీ జవాబు చెప్పనక్కరలేకుండా మీరు కోరి చేసే పని ఒకటి ఉండాలి. అది చదువు కావచ్చు, ఆపేసిన సంగీత సాధన కావచ్చు, ఊరికే నడవడం కావచ్చు. ఆ పని పేరేమిటో, ఎక్కడ చేస్తారో, ఏ రోజు ఎన్నింటికి చేస్తారో ఒక కాగితం మీద రాసుకోండి. ఈ మూడింటిలో ఏది తేలకపోయినా ఆ గంటను ఆఫీసు లాగేసుకుంటుంది.

తిరిగివచ్చిన మర్నాటి పూట కూడా టూరులో భాగమే

హైదరాబాదుకు విమానంలో గంట పైచిలుకు ప్రయాణమే కదా అని ఒక్క రోజులో వెళ్ళివచ్చేలా టూరు వేసుకుంటాం. కాని బెంగళూరు విమానాశ్రయం 2008 నుంచి దేవనహళ్ళి దగ్గర ఉంది, ఊరి నడిబొడ్డు నుంచి దాదాపు 35 కిలోమీటర్లు. రాత్రి ఎనిమిదింటికి శంషాబాదులో విమానం ఎక్కినవారు తొమ్మిదింబావుకు ఇక్కడ దిగుతారు. సంచి తీసుకుని, బస్సో క్యాబో పట్టుకుని, హెబ్బాళ ఫ్లైఓవర్ దాటి, కుందలహళ్ళిలోనో బొమ్మనహళ్ళిలోనో ఇల్లు చేరి, అన్నం తిని పడుకునేసరికి అర్ధరాత్రి దాటుతుంది. ఆ రోజు ఉదయం బయల్దేరింది నాలుగున్నరకు. మర్నాడు తొమ్మిదిన్నరకు యథాప్రకారం మీటింగు ఉంటుంది. కాగితం మీద ఒక రోజు టూరు, శరీరానికి మాత్రం రెండు రోజుల పని.

అందుకని టికెట్టుతో పాటే మర్నాడు ఉదయం పదకొండు దాకా క్యాలెండర్‌ను మూసేయండి. గూగుల్ క్యాలెండర్‌లో అందుబాటులో లేనట్టు ప్రత్యేకంగా గుర్తు పెట్టుకునే సదుపాయం ఉంది, ఆ వేళకు ఎవరైనా మీటింగు పెడితే అది దానంతటదే తిరస్కరిస్తుంది. మేనేజర్‌కు ఈ సంగతి టూరు నుంచి వచ్చాక చెప్పకూడదు, టూరుకు అనుమతి తీసుకునేటప్పుడే చెప్పాలి. మీరు వెళ్ళడం ఆయనకు అవసరమైన సమయం అదే. “రాత్రి పదకొండున్నరకు ఇల్లు చేరతాను, మర్నాడు పదకొండు నుంచి అందుబాటులో ఉంటాను” అని ఒక్క వాక్యం మెయిల్లో రాస్తే చాలు. అభ్యర్థనలా కాకుండా ప్రయాణ వివరంలా రాయండి. ఒప్పుకోని మేనేజర్లూ ఉంటారు. అలాంటి చోట కనీసం ఆ రోజు మొదటి మీటింగునైనా ఇంటి నుంచి చేసేలా మాట తీసుకోండి, ట్రాఫిక్‌లో పోయే సమయమైనా దక్కుతుంది.

ఇలా దక్కిన పూటలో సగం నిద్రకు పోతుంది, పోనివ్వండి. మిగిలిన గంటనో గంటన్నరనో మీ కాగితం మీద రాసుకున్న పనికి వాడండి.

ముక్కలైన గంటలు, ఒక్కపెట్టున దొరికే గంటలు

చెన్నై టూరయితే నేను రైలుకే ఓటు వేస్తాను. విమానం గాలిలో ఉండేది గంటే అయినా, దేవనహళ్ళికి గంటన్నర, అక్కడ ముందుగా చేరి ఎదురుచూడటానికి గంటన్నర, దిగాక చెన్నై ఊళ్ళోకి మరో ముప్పావు గంట కలుపుకుంటే మొత్తం ఐదు గంటలకు దగ్గరవుతుంది. శతాబ్ది కూడా ఇంచుమించు ఐదు గంటలే తీసుకుంటుంది, వందే భారత్ ఇంకాస్త తక్కువ. రెండింటికీ గంటలు దాదాపు సమానమే అయినా వాటి తీరు వేరు. విమాన ప్రయాణంలో ఆ ఐదు గంటలు క్యాబులో కొంత, తనిఖీ వరుసలో కొంత, గేటు దగ్గర కొంత అని ముక్కలైపోతాయి, ఏ ముక్కలోనూ పుస్తకం పది పేజీలు సాగదు. రైల్లో కూర్చున్న సీటులోంచి లేవకుండా బంగారుపేట, కుప్పం, జోలార్‌పేట, కాట్పాడి దాటుకుంటూ పోవచ్చు. తొలి గంటలో ఆఫీసు మెయిళ్ళు ముగించేసి, కుప్పం వచ్చేసరికి ల్యాప్‌టాప్ మూసేయాలని ఒక నియమం పెట్టుకోండి. అక్కడి నుంచి చెన్నై దాకా ఆ సమయం మీది.

హైదరాబాదుకు యశ్వంతపూర్, కాచిగూడ మధ్య వందే భారత్ 2023 సెప్టెంబరులో మొదలైంది. ఎనిమిదిన్నర గంటల పగటి ప్రయాణం కాబట్టి ఒక్కరోజు పనికి అది పనికిరాదు. రెండు మూడు రోజుల పనికి వెళ్ళేవారు ఒక వైపైనా దాన్ని ఎంచుకోవచ్చు. రైల్వే రిజర్వేషన్లు 2024 నవంబరు నుంచి 60 రోజుల ముందే తెరుస్తున్నారు. మూడు నెలలకోసారి జరిగే సమీక్షల తేదీలు ముందే తెలుస్తాయి కనుక, తేదీ వచ్చిన రోజే టికెట్టు తీసుకోవడం మేలు.

టూరు తోక శనివారం దాకా సాగకుండా

టూరు ముగిసినా బిల్లులు ముగియవు. ఖర్చుల క్లెయిము శనివారం ఉదయాన్ని తినేస్తుంది, అదీ మీకు దొరికే మంచి పూటల్లో ఒకటి. హోటలు, క్యాబు, భోజనం బిల్లుల్లో చాలావరకు వేడికి అచ్చు పడే నున్నటి కాగితం మీద ఇస్తారు. పర్సులో కొన్నాళ్ళుంటే వాటి మీది అక్షరాలు వెలిసిపోతాయి, ఎండ తగిలే కారు డ్యాష్‌బోర్డు మీద పెడితే ఇంకా త్వరగా. అందుకని బిల్లు చేతికి రాగానే కౌంటరు దగ్గరే ఫోటో తీసి ఒకే ఆల్బంలో వేయండి. విమానాశ్రయం నుంచి ఊళ్ళోకి వచ్చే వాయువజ్ర బస్సులో సీటు దొరికితే ఆ గంటలోనే క్లెయిము నింపి పంపించేయవచ్చు. ఇల్లు చేరేసరికి టూరు కాగితాల్లో కూడా ముగిసిపోవాలి.

చిన్న టూర్లకు క్యాబిన్‌లో పట్టే 7 కిలోల సంచి ఒక్కటే పట్టుకెళ్ళండి. బెంగళూరు విమానాశ్రయంలో ముఖం గుర్తుపట్టి లోపలికి పంపే డిజియాత్ర 2022 డిసెంబరు నుంచి ఉంది, వాడుకుంటే గుమ్మం దగ్గర వరుస తగ్గుతుంది. బ్రష్షు, చార్జరు, మందులు ఇంకో జత కొని ఆ సంచిలోనే ఉంచేయండి. ఇంతకంటే ఈ విషయం మీద చెప్పేదేమీ లేదు.

పరాయి ఊళ్ళో సాయంత్రాలు

హోటలు గదిలో ఒంటరి సాయంత్రం దొరుకుతుందనుకుంటాం గాని, దాన్ని కోరేవాళ్ళు ఇద్దరున్నారు. మొదటివారు సహోద్యోగులు. వాళ్ళతో మొదటి రోజు భోజనానికి తప్పకుండా వెళ్ళండి, అక్కడ జరిగే మాటలూ పనిలో భాగమే. రెండో రోజు సాయంత్రం వేరే పని ఉందని మొదటి రోజే చెప్పేయండి. ఆ పని హుస్సేన్‌సాగర్ పక్కన నడవడమో, కోఠీలో పాత పుస్తకాల కొట్లు తిరగడమో అయినా అది పనే, దానికి సంజాయిషీ అక్కరలేదు.

రెండోవారు బంధువులు, ఇది మనవాళ్ళకు ఎక్కువ కష్టమైన సంగతి. హైదరాబాదు వెళ్ళి పిన్ని వాళ్ళింటికి వెళ్ళకపోతే, “ఊళ్ళోకి వచ్చి ఇంటి గడప తొక్కలేదు” అన్న మాట బెంగళూరులో మనం దిగేలోపే అమ్మ చెవిన పడుతుంది. ఆ మాటలో నిష్ఠూరం కంటే ప్రేమే ఎక్కువ, దాన్ని తోసిపుచ్చమని నేను చెప్పను. అయితే టూరుకు ఒక్క ఇల్లు అని లెక్క పెట్టుకోవచ్చు. ఈసారి కూకట్‌పల్లిలో పిన్ని, వచ్చేసారి దిల్‌సుఖ్‌నగర్‌లో మేనమామ. మిగతావాళ్ళకు బయల్దేరే ముందే ఫోను చేసి, “మామయ్యా, ఈసారి రెండు రోజులూ ఆఫీసు పనే, వచ్చే నెల మీ ఇంట్లోనే భోజనం” అని చెప్పండి. ఆ వచ్చే నెల మాట తప్పకూడదు. వచ్చిన విషయం దాచడం మాత్రం అస్సలు వద్దు. వేరేవాళ్ళ ద్వారా తెలిస్తే, ఆ తర్వాత మూడు టూర్ల సాయంత్రాలు సర్దిచెప్పడానికే పోతాయి.

బెంగళూరులో ఉన్న వారం

టూరు లేని వారంలో సమయం దారిలో పోతుంది. కారు నడుపుతూ గడిపే గంట మీది కాదు, మెట్రోలో కూర్చున్న గంట మీదే. పర్పుల్ లైను 2023 అక్టోబరు నుంచి వైట్‌ఫీల్డు నుంచి చల్లఘట్ట దాకా పూర్తిగా నడుస్తోంది. ఎలక్ట్రానిక్ సిటీ మీదుగా ఆర్.వి. రోడ్డు, బొమ్మసంద్రల మధ్య యెల్లో లైను 2025 ఆగస్టులో వచ్చింది. ఇవి అందుబాటులో ఉన్నవారు వారానికి రెండు రోజులైనా కారు ఇంట్లో వదిలేయండి.

సొంత సమయానికి ఇల్లు దాటి ఒక చోటు ఉండటం మంచిది, ఎందుకంటే ఇంట్లో ఎటు చూసినా చేయాల్సిన పని కనబడుతుంది. కబ్బన్ పార్కులో శేషాద్రి అయ్యర్ స్మారక భవనంలో కేంద్ర గ్రంథాలయం ఉంది, మెట్రో స్టేషను పార్కు పక్కనే ఉంది. లాల్‌బాగ్ ఉదయం ఆరింటికే తెరుస్తారు. 240 ఎకరాల ఆ తోటలో కెంపేగౌడ గోపురం నిలబడ్డ బండరాయి వయసు దాదాపు 300 కోట్ల సంవత్సరాలని భూగర్భ శాస్త్రవేత్తలు చెబుతారు. వేసవిలో కూడా ఎండెక్కేదాకా ఆ రాయి చల్లగానే ఉంటుంది. చెప్పులు విడిచి అక్కడ అరగంట కూర్చోవడం ఎన్నో వారాల అలసటకు మందు. తెలుగు మాట వినాలనిపించే వారాంతానికి వయ్యాలికావల్‌లో తెలుగు విజ్ఞాన సమితి ఉంది.

ఆఫీసు ఫోను సంగతి తేల్చకపోతే ఈ చోట్లేవీ ఉపయోగపడవు. ఆండ్రాయిడ్ ఫోనులో ఆఫీసువాళ్ళు వర్క్ ప్రొఫైల్ (ఆఫీసు యాప్‌లను సొంత యాప్‌ల నుంచి వేరుగా ఉంచే ఏర్పాటు) పెట్టి ఉంటే, ఒక్క మీట నొక్కి ఆఫీసు యాప్‌లన్నిటినీ నిలిపివేయవచ్చు. రోజూ రాత్రి ఎనిమిదిన్నరకు నిలిపేస్తానని, అత్యవసరమైతే మామూలు కాల్ చేయమని బృందానికి ఒకసారి రాసి చెప్పండి. మెసేజ్ పెట్టడం తేలిక గనుక పెడతారు గాని, కాల్ చేసేముందు ఎవరైనా ఒక్క క్షణం ఆలోచిస్తారు. కర్ణాటక దుకాణాలు, వాణిజ్య సంస్థల చట్టం 1961 ప్రకారం పనివేళలు రోజుకు 9 గంటలు, వారానికి 48 గంటలు. మేనేజర్ హోదాలో ఉన్నవారికి ఇది వర్తించకపోయినా, మిగతావారు ఈ అంకెలను గుర్తుపెట్టుకోవాలి.

ఇంట్లోవాళ్ళతో ఒప్పందం లేనిదే ఇదంతా అన్యాయంగా మారుతుంది. మీరు టూర్లో ఉన్న రోజుల్లో పిల్లల బడి, వంట, వయసు మళ్ళిన అత్తగారి మందులు ఒక్కరే చూసుకున్నారు. తిరిగి రాగానే నాకు తీరిక కావాలని మీరు లాల్‌బాగ్‌కు వెళ్తే వాళ్ళ మనసు ఎలా ఉంటుందో ఆలోచించండి. వచ్చాక మొదటి వారాంతంలో తొలి పూట వాళ్ళకివ్వండి. ఆ పూట ఇంటి బాధ్యత మొత్తం, పిల్లల తిండితో సహా, మీరే చూసుకోండి. రెండో పూట మీరు తీసుకోండి. ఇది మాటవరసకు కాకుండా ఇద్దరి క్యాలెండర్లలోనూ పడాలి.

చివరగా సెలవుల జాబితా ఒకసారి చూడండి. సంక్రాంతి, దసరాలకు ఊరు వెళ్ళాలి, ఉగాదికి ఇంట్లో పూజ ఉంటుంది, కాబట్టి ఆ సెలవులు మీ చేతిలో ఉండవు. నవంబరు 1 కన్నడ రాజ్యోత్సవం మాత్రం వేరు. ఇక్కడి ఆఫీసులకు అది తప్పనిసరి సెలవు గాని, ఆ రోజు ఊరి నుంచి మనల్ని రమ్మనే పండుగేదీ లేదు. హైదరాబాదు ఆఫీసు మాత్రం మామూలుగా పని చేస్తూ ఉంటుంది కనుక అక్కడి నుంచి కాల్స్ వస్తాయి. అక్టోబరు మొదట్లోనే ఆ తేదీని క్యాలెండర్‌లో మూసి, అక్కడివాళ్ళకు ఆ సంగతి రాసి పంపండి.