దుబాయ్‌లో ఇల్లు కొనేవారికి: రిజిస్ట్రేషన్ దరఖాస్తు విధానం, లాయరు సాయం

కరీంనగర్ నుంచో కడప నుంచో పనికి వెళ్లి ఏళ్ల తరబడి దిర్హాములు కూడబెట్టినవారికైనా, హైదరాబాద్‌లో ఉండి అద్దె ఆదాయం కోసం కొనాలనుకునేవారికైనా, దుబాయ్‌లో ఇల్లు సొంతం కావడానికి దారి ఒక్కటే. అది దుబాయ్ ల్యాండ్ డిపార్ట్‌మెంట్ రిజిస్టరు. అక్కడి 2006 నాటి 7వ నంబరు చట్టం ప్రకారం ఆ రిజిస్టరులోకి ఎక్కని బదిలీ చెల్లదు. బ్రోకరు రసీదు, బిల్డరు ఇచ్చే బుకింగ్ పత్రం ఎంత పెద్ద సంస్థవైనా యాజమాన్యాన్ని ఇవ్వవు. మనవాళ్లలో చాలామంది డబ్బు కట్టాక ఈ సంగతి తెలుసుకోవడం చూసి బాధ కలిగే ఇది రాస్తున్నాను.

మొదట ప్రాంతం చూసుకోవాలి. విదేశీయులు దుబాయ్‌లో ఎక్కడ పడితే అక్కడ కొనలేరు. ప్రభుత్వం గుర్తించిన ప్రాంతాల్లోనే పూర్తి యాజమాన్యం దొరుకుతుంది. దుబాయ్ మరీనా, పామ్ జుమేరా, బిజినెస్ బే, ఇంటర్నేషనల్ సిటీ అలాంటివి. కొన్నిచోట్ల 99 ఏళ్లకు మించని లీజు హక్కు మాత్రమే ఇస్తారు. ఆ తేడా ధరలో ఉంటుంది కానీ ప్రకటనలో కనిపించకపోవచ్చు. కొనడానికి అక్కడి నివాస వీసా అక్కర్లేదు, పాస్‌పోర్టు చాలు. ఇక్కడ చెప్పేదంతా దుబాయ్‌కే వర్తిస్తుంది. షార్జా, అబుదాబిల నిబంధనలు వేరు.

లాయరును పెట్టుకోవాలని చట్టం నిర్బంధించదు. అందుకే ఆ ఖర్చు మిగిలిందని సంతోషిస్తారు. నా మాట వినండి, మొత్తం వ్యవహారంలో తగ్గించకూడని ఖర్చు అదే. దుబాయ్ ప్రభుత్వ న్యాయ వ్యవహారాల శాఖ లైసెన్సు ఉన్నవారినే ఎంచుకోండి. బ్రోకరు గానీ బిల్డరు గానీ సూచించిన లాయరు వద్దు. ఫీజు ఎంత, అందులో ఏయే పనులు వస్తాయి అన్నది ముందే రాతపూర్వకంగా తీసుకోండి. మన దగ్గర ఈసీ తీసి, లింకు డాక్యుమెంట్లు చూపించుకున్నట్టే అక్కడ అమ్మేవారి టైటిల్ డీడ్ (యాజమాన్య పత్రం) అసలుదేనా, దాని మీద బ్యాంకు తాకట్టు ఉందా, మెయింటెనెన్స్ బకాయిలు ఉన్నాయా అన్నవి ఆయన చేత చూపించుకోవాలి. టైటిల్ డీడ్‌ను, బ్రోకరు లైసెన్సును దుబాయ్ రెస్ట్ అనే ప్రభుత్వ యాప్‌లో మీరు కూడా సరిచూసుకోవచ్చు.

కట్టి సిద్ధంగా ఉన్న ఇల్లయితే అగ్రిమెంటు ఫారం ఎఫ్ మీద జరుగుతుంది. అది ల్యాండ్ డిపార్ట్‌మెంట్ నిర్ణయించిన నమూనా. సాధారణంగా ధరలో 10 శాతానికి చెక్కు బయానాగా రాస్తారు. దాన్ని అమ్మేవారి చేతికి ఇవ్వరు, బదిలీ అయ్యేదాకా బ్రోకరు సంస్థ దగ్గర ఉంచుతారు. తర్వాత బిల్డరు నుంచి అభ్యంతరం లేదన్న పత్రం, అంటే ఎన్‌ఓసీ రావాలి. బకాయిలు తీరితేనే అది ఇస్తారు. ఇంటి మీద తాకట్టు ఉంటే అది విడిపించే క్రమం కూడా అగ్రిమెంటులోనే రాయించాలి. చివరగా ఇద్దరూ రిజిస్ట్రేషన్ ట్రస్టీ కార్యాలయానికి వెళ్తారు. మన సబ్ రిజిస్ట్రార్ ఆఫీసు పని అక్కడ లైసెన్సు పొందిన ఈ ప్రైవేటు కార్యాలయాలు చేస్తాయి. పాస్‌పోర్టులు, ఎమిరేట్స్ ఐడీ (అక్కడి నివాసుల గుర్తింపు కార్డు) ఉంటే అదీ, ఫారం ఎఫ్, ఎన్‌ఓసీ, అమ్మేవారి పేరిట బ్యాంకు మేనేజర్ చెక్కు వెంట ఉండాలి. పత్రాలన్నీ సరిగా ఉంటే కొత్త టైటిల్ డీడ్ సాధారణంగా ఆ రోజే వస్తుంది.

రిజిస్ట్రేషన్ రుసుము ధరలో 4 శాతం. వేరే ఒప్పందం లేకపోతే ఇద్దరూ చెరి సగం భరించాలని నిబంధన ఉన్నా, ఆచరణలో మొత్తం కొనేవారి నెత్తినే పడుతోంది. అడిగి చూడటంలో తప్పు లేదు. ట్రస్టీ కార్యాలయం ఫీజు, బ్రోకరు కమీషను వీటికి అదనం. కమీషను సాధారణంగా 2 శాతం, దాని మీద వ్యాట్.

కట్టుబడిలో ఉన్న ఫ్లాటు దగ్గరే ఎక్కువ జాగ్రత్త కావాలి. మీరు కట్టే ప్రతి వాయిదా ఆ ప్రాజెక్టు పేరిట ఉన్న ఎస్క్రో ఖాతాలోకే, అంటే ఆ ప్రాజెక్టు పనికే వాడాల్సిన ప్రత్యేక బ్యాంకు ఖాతాలోకే వెళ్లాలి. 2007 నాటి 8వ నంబరు చట్టం ఆ ఖాతా తెరవాలని చెబుతోంది. బిల్డరు సొంత ఖాతా నంబరు ఇస్తే అక్కడే ఆగిపోండి. ఫ్లాటు ఊకూద్ అనే తాత్కాలిక రిజిస్టరులో మీ పేరిట ఎక్కాలి. 2008 నాటి 13వ నంబరు చట్టం ప్రకారం అందులో లేని అమ్మకం చెల్లదు. వాయిదాలు ఆపేస్తే ఏమవుతుందో సంతకానికి ముందే చదివించుకోండి. ల్యాండ్ డిపార్ట్‌మెంట్ ద్వారా 30 రోజుల నోటీసు ఇచ్చాక, నిర్మాణం 60 శాతం దాటి ఉంటే బిల్డరు ఫ్లాటు ధరలో 40 శాతం దాకా తన దగ్గరే ఉంచుకోవచ్చు. ఉద్యోగం పోతే ఇల్లూ పోయి, కట్టినదాంట్లో పెద్ద భాగమూ పోయే పరిస్థితి అది. నెల జీతం మీద ఆధారపడినవారు ఈ లెక్క కుటుంబంతో కూర్చుని వేసుకోవాలి.

మీరు వెళ్లలేకపోతే పవర్ ఆఫ్ అటార్నీ ఇవ్వవచ్చు. ఇండియాలో రాస్తే నోటరీ తర్వాత మన విదేశాంగ శాఖ, యూఏఈ దౌత్య కార్యాలయం, ఆపైన యూఏఈ విదేశాంగ శాఖ ధ్రువీకరించాలి. గుర్తింపు పొందిన అనువాదకుడి అరబిక్ ప్రతి కూడా ఉండాలి. మనకు అలవాటైన జీపీఏ పద్ధతిలో అన్ని అధికారాలూ రాసివ్వకండి. ఫలానా ఫ్లాటు కొనడానికి మాత్రమే అని రాయించండి. అమ్మే, తాకట్టు పెట్టే అధికారం ఇవ్వకండి. బావమరిదికి ఇచ్చినా ఇదే మాట.

ఇండియాలో ఉండి డబ్బు పంపేవారికి రిజర్వు బ్యాంకు పరిమితి ఒక్కొక్కరికి ఆర్థిక సంవత్సరానికి 2,50,000 డాలర్లు. బ్యాంకులో పాన్‌తో ఫారం ఏ2 (విదేశాలకు డబ్బు పంపే దరఖాస్తు) ఇవ్వాలి. ఏడాదిలో 10 లక్షల రూపాయలు దాటిన మొత్తంపై బ్యాంకు 20 శాతం టీసీఎస్ (ముందుగానే వసూలు చేసే పన్ను) పట్టుకుంటుంది, రిటర్ను వేసినప్పుడు అది జమ అవుతుంది. హవాలా దారిలో గానీ, వేరొకరి ఖాతా గుండా గానీ పంపకండి. బిల్డరు ఇచ్చే వాయిదాల పథకం మన విదేశీ మారకద్రవ్య చట్టమైన ఫెమాకు సరిపోతుందో లేదో బుకింగ్‌కు ముందే చార్టర్డ్ అకౌంటెంటును అడగండి. గల్ఫ్‌లో నివసిస్తూ అక్కడి సంపాదనతో కొన్న ఇంటిని మాత్రం ఇండియాకు తిరిగొచ్చాక కూడా ఉంచుకోవచ్చు. ఫెమా 6(4) సెక్షను అందుకు వీలిస్తుంది.

టైటిల్ డీడ్ చేతికొచ్చాక ఇంకో రెండు పనులు మిగులుతాయి. ఒకటి వీలునామా. ముస్లిమేతరులు దుబాయ్ అంతర్జాతీయ ఆర్థిక కేంద్రానికి చెందిన డీఐఎఫ్‌సీ కోర్టుల్లో దాన్ని నమోదు చేయించుకోవచ్చు. అది లేకపోతే భార్యాపిల్లలు వారసత్వం కోసం ఊరుగాని ఊళ్లో కోర్టు మెట్లెక్కాలి. రెండోది ఇండియాలో పన్నుపరంగా పూర్తి స్థాయి (ఆర్డినరీ) రెసిడెంటు అయినవారు ఏటా రిటర్నులో విదేశీ ఆస్తుల పట్టిక అయిన షెడ్యూల్ ఎఫ్‌ఏ నింపడం. అద్దె రాకపోయినా ఇంటి వివరం రాయాలి. దాచితే నల్లధనం చట్టం కింద 10 లక్షల రూపాయల జరిమానా పడవచ్చు.