బోరు ఫెయిలైతే బండి పొలం దాటకముందే పూడ్చండి

2024 డిసెంబరులో రెండు వారాల తేడాతో రాజస్థాన్‌లో ఇద్దరు పిల్లలు మూతలేని బోర్లలో పడ్డారు. దౌసా జిల్లాలో ఐదేళ్ల బాబు, కోట్‌పుత్లీ దగ్గర మూడేళ్ల పాప. ఇద్దరూ దక్కలేదు. పాపను పైకి తీయడానికే పది రోజులు పట్టింది. ఇది ఎక్కడో ఉత్తరాది ముచ్చట అనుకోవద్దు. 2017 జూన్‌లో చేవెళ్ల మండలం ఇక్కారెడ్డిగూడలో, 2020 మేలో మెదక్ జిల్లా పొడ్చన్‌పల్లిలో పోయిన ప్రాణాలు మన పిల్లలవే. పొడ్చన్‌పల్లిలో బోరు వేసి, నీళ్లు పడక వదిలేసి ఒక్క రోజు కూడా తిరగలేదు. అంతలోనే మూడేళ్ల బాబు అందులో పడిపోయాడు.

ఎండలు ముదిరితే మళ్లీ ఊరూరా బోరు బండ్లు తిరుగుతాయి. పాయింటు ఎవరితో చూపించాలి, అడుగుకు ఎంత మాట్లాడుకోవాలి అన్నవి మీకు తెలిసినవే, వాటి జోలికి పోవడం లేదు.

కాగితం పని

నీళ్లు, భూమి, చెట్ల రక్షణకు చేసిన వాల్టా చట్టం 2002 నుంచీ ఉంది. కొత్త బోరుకు తహసీల్దారు ఆఫీసులో అనుమతి తీసుకోండి. ఊరి మంచినీళ్ల బోరుకు 250 మీటర్ల లోపల అయితే అది లేకుండా అసలు మొదలుపెట్టొద్దు. బోరు వేయడానికి 15 రోజుల ముందే అధికారులకు రాతపూర్వకంగా తెలియజేయాలని, పని జరిగే చోట బండి వాళ్ల వివరాలతో బోర్డు పెట్టి చుట్టూ కంచె కట్టాలని 2010లోనే సుప్రీంకోర్టు చెప్పింది. ఆ కాగితంలో ఫలానా సర్వే నంబరులో ఫలానా రోజు గుంత పడుతోందని ఉంటుంది కాబట్టి, ఆ తర్వాత ఆ గుంత ఏమైందని అడిగే వీలు ఉంటుంది.

అసలు తప్పు

పై మట్టి, మొరం కూలిపోకుండా గట్టి రాయి తగిలేదాకా బోరు గోడకు రక్షణగా కేసింగ్ పైపులు దింపుతారు. నేలను బట్టి అది 20 అడుగులు కావచ్చు, 100 అడుగులు కావచ్చు. నీళ్లు పడకపోతే బండి అక్కడ ఉండగానే ఆ పైపులు పీకేస్తారు. అప్పు చేసి బోరు వేయించిన రైతుకు ఆ పైపుల డబ్బు చిన్నదేమీ కాదు. ఇంకో పాయింటుకు అవే పనికొస్తాయి. కాబట్టి పీకడం తప్పు కాదు. పీకిన గుంతను అట్లాగే వదిలి బండిని పంపేయడమే తప్పు.

ఎందుకంటే కేసింగ్ పట్టడానికి పైన తవ్విన గుంత, కింద రాయిలో పడే ఆరున్నర అంగుళాల బోరు కంటే వెడల్పుగా ఉంటుంది. పైపు తీయగానే అంచుల మట్టి జారి నోరు ఇంకా పెద్దదవుతుంది. పైన వెడల్పు, కింద ఇరుకు, అచ్చం గరాటు. పసిపిల్ల జారితే ఆగేది ఆ ఇరుకులోనే. పైనుంచి మట్టి రాలుతూనే ఉంటుంది.

దాని మీద గోనెసంచి కప్పి నాలుగు రాళ్లు పెడతారు, లేదా ముళ్లకంప వేస్తారు. దానికంటే ఏమీ వేయకపోవడమే నయం, కనీసం గుంత కళ్లకు కనపడుతుంది. సంచి రెండు వానలకు చీకిపోతుంది, కంపను మేకలు లాగేస్తాయి, రాయిని ఎవరో గట్టుకు తీసుకుపోతారు. గడ్డి మొలిచాక ఆ గుంత ఎక్కడుందో పొలం ఆసామికే గుర్తుండదు.

పూడ్చడానికి పట్టేది ఎంతో లెక్క వేసి చూడండి. ఆరున్నర అంగుళాల బోరు 100 అడుగులకు సుమారు 23 ఘనపుటడుగులు. 300 అడుగుల బోరుకు 70. పైన వెడల్పు గుంతకు కొంత కలుపుకున్నా ఒక్క ట్రాక్టరు లోడు మట్టి సరిపోతుంది. బోరులోంచి వచ్చిన రాతిపొడి ఎలాగూ గుంత పక్కనే కుప్పగా ఉంటుంది, ముందు దాన్నే వాడండి. లక్షలు పోసి వేసిన బోరు దగ్గర ఒక్క లోడు మట్టికి వెనకాడొద్దు.

పూడ్చేటప్పుడు జరిగే పొరపాటు ఒకటుంది. జేసీబీ బకెట్టుతో ఒక్కసారిగా తోస్తే మట్టి 20, 30 అడుగుల దగ్గర పట్టేస్తుంది. పైనుంచి చూస్తే నిండినట్టే ఉంటుంది, కింద అంతా బోలు. ఒక పెద్ద వానకు ఆ అడ్డు జారి గుంత మళ్లీ తెరుచుకుంటుంది. అందుకే తట్టలతో, కొంచెం కొంచెంగా పోయండి. మట్టి పొడిగా, గడ్డలు లేకుండా ఉండాలి. పిడికిలి కంటే పెద్ద రాయి వేయొద్దు. ఇనుప తట్టతో అయితే 100 అడుగులకు సుమారు 50 తట్టలు పడతాయి. 300 అడుగుల బోరు 40 తట్టలకే నిండిందంటే మధ్యలో పట్టేసిందని అర్థం. తాడుకు బరువైన ఇనుప ముక్క కట్టి దింపి, మట్టి ఎంత లోతులో ఉందో ప్రతి 20 తట్టలకూ చూసుకోండి. పైకి వచ్చాక అడుగు ఎత్తు దిబ్బ పోయండి. తొలి వానలకు అది దిగుతుంది, మళ్లీ పోయండి.

రేపు పూడ్చుదాం అనొద్దు. బండి పొలం దాటకముందే పూడ్చాలి. బేరం మాట్లాడే రోజే బండి వాళ్లకు ఈ మాట చెప్పండి. పూడ్చేదాకా మిగతా డబ్బు చేతికివ్వొద్దు.

నీళ్లు పడితే

కేసింగ్ నేల మీద కనీసం అడుగున్నర ఎత్తు ఉండాలి, లేకపోతే వాన బురద బోరులోకి దిగుతుంది. చుట్టూ సిమెంటు దిమ్మె కట్టండి. కోర్టు చెప్పిన కొలత అర మీటరు పొడవు, అర మీటరు వెడల్పు, నేలలోకి 30 సెంటీమీటర్లు, పైకి 30 సెంటీమీటర్లు. ఇనుప కేసింగ్ అయితే మూత వెల్డింగ్ చేయించండి. పీవీసీకి వెల్డింగ్ కుదరదు కాబట్టి సరైన సైజు మూత పెట్టి అడ్డంగా బోల్టు దూర్చి నట్టు బిగించండి. ఊరికే బోర్లించిన మూతను పిల్లలు ఆటకు తీసేస్తారు.

మోటరు కాలి పైకి తీసినప్పుడు కూడా ఇదే ప్రమాదం. మెకానిక్ దగ్గర మోటరు వారం ఉంటుంది, ఆ వారమంతా బోరు నోరు తెరిచే ఉంటుంది. మోటరు లారీ ఎక్కకముందే మూత బిగించండి.

మిగతావి:

- బండి పైన కరెంటు తీగ ఉందేమో ముందు చూడండి. బండి మాస్టు (నిలువు స్తంభం) లేపితే 11 కేవీ లైను దగ్గరికి వచ్చేలా ఉంటే లైన్‌మన్‌తో ఎల్‌సీ (లైన్ క్లియర్) తీయించి, కరెంటు ఆపాకే పని. కుదరదంటే పాయింటు మార్చండి.
- బండికి తీగ తగిలితే కింద ఉన్నవాళ్లు బండిని ముట్టుకోవద్దు. కరెంటు తీసేదాకా పైన ఉన్నవాళ్లు దిగొద్దు.
- నీళ్లు పడ్డాయనగానే ఊరంతా ఉరుకుతుంది. పిల్లల్ని రానివ్వొద్దు.
- చాయ్‌కి పోయినా, డీజిల్‌కి పోయినా గుంత మీద ఇనుప ప్లేటు ఉండాలి.
- రాత్రిపూట బోరు వేస్తే లైటు గుంత మీదే ఉండాలి.
- గాలి పైపుల జాయింట్లకు గొలుసు కట్టారా చూడండి. ఊడిన పైపు కొడితే మనిషి లేవడు.
- రాతిదుమ్ముకు ఎదురుగా నిలబడొద్దు. ముక్కుకు గుడ్డ కట్టుకోండి.
- పాత బావిలో డీజిల్ ఇంజను దింపి నడపొద్దు. పొగకు స్పృహ తప్పుతుంది, కాపాడబోయినవాడూ పోతాడు.
- తాగడానికైతే ఫ్లోరైడ్ పరీక్ష చేయించాకే. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటితే తాగొద్దు. కాచినా పోదు.
- బోరు వేసేటప్పుడు వచ్చే బురద కోసం తీసిన గుంత కూడా పూడ్చండి.
- లోతు ఎంత, కేసింగ్ ఎన్ని అడుగులు, రాయి ఎక్కడ తగిలింది, అన్నీ రాసి పెట్టుకోండి. ఎవరైనా పడితే రక్షణ బృందం ముందు అడిగేవి ఇవే.
- పడితే 112కు ఫోన్. అంచు దగ్గర ఎవరూ నిలబడొద్దు, మట్టి లోపలికి రాలుతుంది. కొక్కేలు, ఉచ్చులు దింపొద్దు. సొంతంగా జేసీబీతో పక్కన తవ్వొద్దు. ఆక్సిజన్ పైపు దింపే పని వచ్చినవాళ్లకు వదలండి.
- ఫెయిలైన బోరు మీద సంచి కప్పొద్దు. పూడ్చండి.
- రెండో పాయింటుకు బండి కదిలే ముందు మొదటి గుంత పూడ్చండి.
- కౌలు పొలమైనా సరే, పాత బోర్లు ఎక్కడున్నాయో ఆసామిని వెంటబెట్టుకుని చూడండి. తెరిచి ఉన్నవి దుక్కికి ముందే పూడ్పించండి.